బిషప్ ముక్కు మీద గూడు

లైల్ ప్రూయిట్ పందొమ్మిదేళ్లుగా మా లాండ్రీ వెనక ఖాళీ జాగాలో ఒక వ్యానులో బతుకుతున్నాడు. అదీ ఒక బతుకేనా అని ఎవరైనా అంటే అతనికి కోపం రాదు. అతని దృష్టిలో అసలు బతుకంటే అదే, గోడలూ కప్పూ పెట్టుకుని మనం చేసేది ఉత్త కాలక్షేపం. ఒహాయోలో వడ్రంగి పని చేసుకుంటున్నవాడు ఇరవై ఎనిమిదో ఏట వారం రోజులు సెలవు పెట్టి, కొండెక్కడానికని మా కాల్డర్ ఊరికి వచ్చాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

మా ఊళ్లో మూడొందల మందిమి ఉంటాం. మా ఆయన డెల్మార్ పోయాక లాండ్రీ నేనొక్కదాన్నే నడుపుతున్నాను. ఎనిమిది మెషీన్లు, నాలుగు స్నానాల గదులు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను, అందుకు సిగ్గుపడను. మనిషి మేజోళ్లు చూసి వాణ్ని ఎలాంటి తల్లి పెంచిందో చెప్పగలను. ఆ విద్య ఏ కాలేజీలోనూ నేర్పరు.

కొండెక్కేవాళ్లను నలభై ఏళ్లుగా ఉతుకుతున్నాను, అంటే వాళ్ల బట్టల్ని. పాదం కంటే రెండు సైజులు చిన్న బూట్లు కొనుక్కుని, అవి కరుస్తున్నాయని మురిసిపోయే జాతి. డబ్బాలో చిక్కుళ్లు చల్లగానే తింటారు. కొత్త దారిలో ఒక రాతిగోడను మొదటిసారి ఎవడు ఎక్కితే వాడే ఆ దారికి పేరు పెట్టాలని వాళ్లలో ఒక కట్టుబాటు. దేవుడు చేసిన రాయికి వాళ్లు పెట్టిన పేర్లు వినాలి: ‘మా అత్త పళ్లసెట్టు’, ‘చెమట లడ్డూ’, ‘బిల్లు నువ్వే కట్టు’. వీటన్నిటినీ బొమ్మలతో సహా రాసి ఒక దారుల పుస్తకం వేసినవాడు లైలే. లాండ్రీలో నా కౌంటరు మీదే అమ్మేవాడు.

అతని గురించి ఒక్క మంచిమాట చెప్పాలంటే చెబుతాను, మళ్లీ అడగవద్దు. తాడు తగిలించడానికి ముందు తరం వాళ్లు రాతిలో దిగ్గొట్టి పోయిన బోల్టులు తుప్పుపడితే, ఎవరూ అడగకుండానే తాడుకు వేలాడి, ఒక్కొక్కటీ పీకి కొత్తవి బిగించేవాడు. వాటిమీద ప్రాణాలు వేలాడేసిన కుర్రకారుకు అతని పేరు కూడా తెలియదు. తిండి కోసం వారానికి మూడు రోజులు ఊరి బయటి నుంచి వచ్చినవాళ్లను తాడు కట్టి ఎక్కించేవాడు. అందుకు భూముల ఆఫీసువాళ్లు ఇచ్చిన పర్మిట్ ఉండేది. మిగతా రోజులన్నీ బిషప్ ముక్కుకు ధారపోశాడు.

బిషప్ ముక్కు అంటే హ్యాచెట్ లోయ మొదట్లో ఉన్న తెల్ల సున్నపురాతి గోడ. మా తాతల కాలంలో ఉన్న ఒక బిషప్ గారి ముక్కు అచ్చం అలాగే ఉండేదట. దాని ఎడమ పక్కన ఇంతవరకు ఎవరూ ఎక్కని దారి ఒకటి ఉంది. లైల్ ఏడేళ్లుగా దాని మీదే పడ్డాడు. ఏడేళ్లలో మా పక్కింటి పిల్ల పెళ్లి చేసుకుని, ముగ్గుర్ని కని, మొగుణ్ని వెళ్లగొట్టింది. ఇతను మాత్రం ఇంకా ఒకే ఒక్క పట్టు దగ్గర జారిపోతున్నాడు.

“ఒక్కటే మిగిలింది వెర్లా గారూ,” అనేవాడు చేతులకు కట్లు కట్టుకుంటూ. “ఎడంచెయ్యి రెండువేళ్లు ఆ గుంటలో పడితే అయిపోయినట్టే.”

“పడితే ఏమవుతుంది నాయనా? బిషప్ గారు లేచి చెయ్యి కలుపుతారా?”

“దారి నాదవుతుంది.”

“నీది కావలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ముందు నీకంటూ ఓ దుప్పటి కొనుక్కో.”

అలాంటి రోజుల్లో కంపెనీ వాళ్లు వచ్చారు. బిషప్ ముక్కులో ఉన్నది మేలురకం సున్నపురాయనీ, పన్నెండేళ్లలో మొత్తం పేల్చి లారీల్లో తీసుకుపోతామనీ, నలభై ఉద్యోగాలిస్తామనీ భూముల ఆఫీసుకు అర్జీ పెట్టారు. ముక్కు కిందే ఓర్విన్ టటిల్ పశువులు తాగే ఊట ఉంది. ఊరి కుళాయిలకు నీళ్లూ అక్కణ్నుంచే. ఓర్విన్‌కు కొండెక్కేవాళ్లంటే ఒళ్లుమంట. గేటు తీసి వేయకుండా పోతారని, ఒకసారి వాళ్ల వ్యాను టైర్లలో గాలి కూడా తీశాడు. అలాంటివాడు ఏప్రిల్ మొదట్లో బడి జిమ్‌లో జరిగిన మీటింగుకు వచ్చి లైల్ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు, కానీ ఒకే వైపు చూశారు.

ఆ మీటింగు నేను చచ్చేదాకా మరిచిపోను. ముందుగా ట్రిస్టన్ వేల్ లేచాడు. కొండెక్కడంలో పెద్ద పేరున్నవాడు, పై కోటు మీద అతనికి డబ్బిచ్చే ఆరు కంపెనీల గుర్తులు. లోయను కాపాడటానికి కెమెరా వాళ్లతో సహా కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. ఎక్కిన ప్రతి గోడా తనకు ఏం నేర్పిందో పన్నెండు నిమిషాలు చెప్పాడు. ఒక గోడ దగ్గరైతే తన అహంకారం కరిగిపోయిందన్నాడు. నేను కూర్చున్న చోటు నుంచి చూస్తే కరిగిన జాడేమీ కనిపించలేదు. మధ్యలో ఆగి, “ఈ ముక్క మళ్లీ తీద్దామా? గొంతు సరిగ్గా రాలేదు,” అని కెమెరా వైపు తిరిగి అడిగాడు.

తర్వాత ఓర్విన్ లేచి టోపీ తీశాడు.

“పేలిస్తే ఊట ఎండుతుంది. మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు, నేనూ చెబుతున్నాను,” అని కూర్చున్నాడు.

టేబుల్ వెనక కూర్చున్న అధికారి కాగితాలు తిప్పి, “నీటి నిపుణుల నివేదిక ప్రకారం ఊట మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదండీ,” అన్నాడు.

“నిపుణుడు ఎన్నిసార్లు వచ్చాడు?”

“ఒకసారి.”

“నా ఆవులు రోజుకు రెండుసార్లు వెళతాయి. వాటిని పిలిచి అడగండి.”

జనం గొల్లున నవ్వారు. నవ్వు తగ్గాక కంపెనీ తరఫున వచ్చినావిడ లేచింది. మట్టి అంటని బూట్లు, మెత్తటి గొంతు. “కొండెక్కే మిత్రుల బాధ మాకు అర్థమవుతుంది,” అంటూ ఒక పుస్తకం పైకెత్తింది. నా కౌంటరు మీద అమ్మిన పుస్తకమే.

“ఇది మీ దారుల పుస్తకం. మీవాళ్లే రాసింది. నూట నాలుగో పేజీలో ఏముందో చదువుతాను. ‘బిషప్ ముక్కు ఎడమ భాగం: కుళ్లిన రాయి, పట్టుకుంటే ఊడొస్తుంది. ఎక్కడానికి పనికిరాదు. దగ్గరికి పోవద్దు.’ పనికిరాని గోడ అని మీరే అంటున్నారు. ఇక పక్షుల సంగతి. గద్ద గూడు ఉన్నచోట పేల్చకూడదని చట్టముంది, నిజమే. ఇన్నేళ్లుగా ఇంతమంది ఇక్కడ ఎక్కుతున్నా, గద్ద గూడు చూశామని ఒక్కరూ ఆఫీసుకు రాయలేదు. మా సర్వేలోనూ కనపడలేదు.”

నేను లైల్ మొహం చూశాను. పిండేసిన బట్టలా ఉంది.

ఆ రాయి కుళ్లింది కాదని నాకు తెలుసు, ఏడేళ్లుగా దాని పొడే కదా నా మెషీన్లలో పేరుకుపోతున్నది. అయినా అబద్ధం ఎందుకు రాశాడో నాలుగు రోజుల తర్వాత గానీ తెలియలేదు. నీళ్లు పోక మూడో నంబరు మెషీను ఆగిపోయింది. గొట్టం విప్పితే బూడిదరంగు బొచ్చు, అందులో చిన్నచిన్న ఎముకలు. మా డెల్మార్ నలభై ఏళ్లు గొర్రెలమందల దగ్గర కొయొటీ నక్కలకు బోనులు పెట్టినవాడు. గద్ద మింగి అరగక కక్కేసిన ముద్ద ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అది ఎండలో ఆరి తేలిపోయిన పాతది కాదు, మొన్నటిది. గూటి కింద తప్ప దొరకదు. మూడో మెషీనులో ఉన్నవి లైల్ ప్యాంట్లు.

ఆ ఎముకల్ని ఒక సాసర్లో పెట్టుకుని వెళ్లి అతని వ్యాను తలుపు కొట్టాను.

“నీ జేబులో మిగిలిన భోజనం. తీసుకో.”

చూశాడు. చూసి మెట్టు మీద చతికిలబడ్డాడు.

“ఎన్నాళ్లుగా?”

“ఆరేళ్లు,” అన్నాడు. “నా దారికి ఇరవై అడుగుల పక్కన, కప్పులా ఉన్న రాయి కింద. బంగారు గద్దలు. కింది నుంచి కనపడదు. ఎడమ పక్కకు ఎవరూ రాకూడదని కుళ్లిన రాయని రాశాను. వాటి మంచికే వెర్లా గారూ.”

“ఆఫీసుకు ఎందుకు చెప్పలేదు? అదీ వాటి మంచికేనా?”

ఎందుకు చెప్పలేదో ఇద్దరికీ తెలుసు. గూడుందని రాస్తే ఆఫీసువాళ్లు జనవరి నుంచి ఆగస్టు చివరిదాకా ఆ గోడను మూసేస్తారు. మార్చి, ఏప్రిల్ నెలలే వీళ్లకు అసలు కాలం. ఆ తర్వాత రాయి పెనంలా కాలుతుంది. కొండెక్కేవాళ్లలో గూడు కనిపిస్తే నోరు కుట్టేసుకోవడం మామూలే. ఆఫీసు కంటే తామే బాగా చూసుకుంటామని తమకు తాము చెప్పుకుంటారు. అడవిని ప్రేమిస్తారు, అడవి వాళ్ల సెలవులకు అడ్డు రానంతవరకు.

“రుజువు ఏమైనా ఉందా?” అన్నాను.

వ్యాను లోపలి నుంచి ఒక నోటుబుక్కు తెచ్చాడు. ఎక్కిన ప్రతిరోజూ తేదీ, గాలి, చలి, ఏ పట్టు దగ్గర జారాడో రాసుకోవడం వాళ్లకు అలవాటు. వాటి పక్కనే గద్దల సంగతీ రాశాడు. పోయినేడాది మార్చి తొమ్మిది, రెండు గుడ్లు. ఏప్రిల్ పదమూడు, ఒకటి పగిలి పిల్ల బయటికొచ్చింది. ఆరేళ్లవి, ఫోటోలతో సహా. కంపెనీ అర్జీని చించిపారేయడానికి ఇంతకంటే ఏమీ అక్కరలేదు. లైల్ మెడకు ఉరి బిగించడానికీ అంతకంటే అక్కరలేదు. గూడు ఉన్న చోట, పిల్లలున్న కాలంలో, తెలిసి తెలిసి ఎక్కానని తన చేతిరాతతో ఒప్పుకున్నట్టే. పర్మిట్ పోతుంది. దారీ పోతుంది.

“నెలాఖరుకు ఆఖరి మీటింగు,” అన్నాను. “అప్పుడు ఇస్తావా, నన్ను చెప్పమంటావా?”

“ఇస్తాను. ఒట్టు. కానీ ఒక్క మాట. గురువారం నుంచి చలిగాలి వస్తోందట. చల్లగా ఉంటేనే వేళ్లు పట్టుకుంటాయి. ఆ రెండు రోజుల్లో నా దారి అయిపోతుంది. అయిపోయాక ఇచ్చేస్తాను.”

“భేష్. ఇల్లు అంటుకుంటే ముందు పచ్చడి జాడీ తెచ్చుకుంటావన్నమాట.”

“ఏడేళ్లు వెర్లా గారూ!”

“నా ముందు ఏడవకు. నాకు నలభై ఏళ్లుగా నడుంనొప్పి ఉంది, దానికి నేను పేరు పెట్టలేదు.”

గురువారం వెళ్లాడు. నాలుగింటికల్లా తిరిగొచ్చాడు. ఎప్పుడూ ఎక్కి వచ్చినవాడు ముందు చేతులు చూపిస్తాడు. ఆ రోజు చేతులు జేబులో పెట్టుకుని డ్రయ్యర్ల దగ్గర బెంచీ మీద కూలబడ్డాడు. నేను దుప్పట్లు మడతపెడుతూ ఏమీ అడగలేదు. అడగకపోతేనే చెబుతారు.

“ఆ గుంటలో వేళ్లు పడ్డాయి,” అన్నాడు.

“అయితే దారి నీదైంది. శుభం. ఏం పేరు పెట్టావు?”

“ఎక్కలేదు. పైన ఇంకా పది అడుగులుంది, అంతా తేలికే. కానీ తల్లి గద్ద గూట్లోంచి ఎగిరిపోయింది. నేను ఎక్కుతుంటే ఎప్పుడూ ఎగిరి ఎదురుకొండ మీద కూర్చునేది. నాకు అలవాటుపడిందనుకున్నాను. నన్ను గుర్తుపడుతుందని కూడా అనుకున్నాను.”

“పేరు పెట్టి పిలిచిందా?”

“వినండి. నేను అక్కడ వేలాడుతుంటే పక్కకు చూశాను. పిల్ల వారం రోజులది, ఒంటి మీద తెల్లటి నూగు తప్ప ఏం లేదు. గాలి నేరుగా కొడుతోంది. వణికి వణికి మెడ వాల్చేసింది. తల్లి ఎదురుకొండ మీదుంది. నేను దిగితే గానీ రాదు. నా వేళ్లకు మంచిదని నేను ఎదురుచూసిన చలే, వెర్లా గారూ. ఆరేళ్లలో ఎన్నిసార్లు ఇలా చేశానో… రెండు గుడ్లున్న సంవత్సరాల్లో కూడా ఒకటే ఎగిరేది. రెండోదాన్ని ఏ కాకో తీసుకుపోయిందని రాసుకున్నాను.”

“ఆ కాకి ఎవరో ఇప్పుడు తెలిసిందా?”

తల ఊపాడు.

“పిల్ల ఏమైంది?”

“దిగిపోయి బండల చాటున కూర్చుని చూశాను. పది నిమిషాలకు తల్లి వచ్చి కప్పుకుంది. తర్వాత అది తల ఎత్తింది.”

ఓదార్చలేదు. అరిచి చెప్పినా వినని చెవుడు అతనిది. గద్ద అరవకుండానే వినిపించింది. దుప్పటి రెండో కొస అందించాను, పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పదకొండు దుప్పట్లు మడిచాం.

నెలాఖరు మీటింగుకు జిమ్ నిండిపోయింది. మా చర్చికి ఇప్పుడున్న బిషప్ గారి భార్య ఆకుపచ్చ జెల్లో తెచ్చింది, వణికే తీపి ముద్ద, అందులో క్యారెట్ తురుము. ఊరు పేలిపోతున్నా మావాళ్లు జెల్లో మానరు. ట్రిస్టన్ మళ్లీ వచ్చాడు, ఈసారి కోటు మీద ఏడు గుర్తులు.

లైల్ పేరు పిలవగానే లేచి నడిచాడు. నోటుబుక్కు టేబుల్ మీద పెట్టాడు.

“ముక్కు ఎడమ భాగంలో బంగారు గద్దల గూడు ఉంది,” అన్నాడు. “ఆరేళ్లుగా ఉంది. ఈ ఏడాది పిల్ల ఉంది. తేదీలు, ఫోటోలు అన్నీ ఇందులో ఉన్నాయి. కుళ్లిన రాయని నేను రాసింది అబద్ధం. గోడ మూసేస్తారన్న భయంతో గూడు సంగతి ఎవరికీ చెప్పలేదు.”

కంపెనీ ఆవిడ మొహం నేను జాగ్రత్తగా చూశాను. లాండ్రీ మూసి వచ్చినందుకు గిట్టుబాటైంది. కానీ ముందు అరిచింది ఆవిడ కాదు, ట్రిస్టన్.

“గురూ, ఏం చేస్తున్నావ్! ముక్కు మొత్తం మూసేస్తారు! మనవాళ్లందరికీ పోతుంది! కంపెనీని ఆపడానికి వేరే దారులున్నాయి, మా సినిమా వస్తోంది…”

“మీ సినిమాలో గద్ద ఉందా?” అని ఓర్విన్ కూర్చున్న చోటు నుంచే అడిగాడు.

“అది… లోయ మొత్తం ఆత్మ గురించి సార్.”

“ఆత్మకు నీళ్లక్కర్లేదు. నా ఆవులకు కావాలి. కూర్చో.”

వెనక నుంచి కొండెక్కే కుర్రాడొకడు “ద్రోహి!” అన్నాడు. వారం కిందట ఆ కుర్రాడి ప్రాణాన్ని మోసిన బోల్టు లైల్ బిగించిందే. లైల్ వెనక్కి తిరగలేదు.

అధికారి పేజీలు తిప్పుతూ కళ్లజోడు సర్దుకున్నాడు. “మిస్టర్ ప్రూయిట్, ఈ నోటుబుక్కు తీసుకుంటే ఇది మీ మీద కూడా సాక్ష్యమే. గూటి దగ్గర ఎక్కినట్టు మీరే రాశారు. ఆలోచించుకుని ఇవ్వొచ్చు, సాయంత్రం దాకా టైముంది.”

“ఆలోచించడానికి ఆరేళ్లు తీసుకున్నాను సార్. రసీదు ఇవ్వండి.”

మర్నాడే ఆఫీసు నుంచి ఇద్దరు దుర్భిణీతో వచ్చారు. ఎక్కడ నిలబడి చూడాలో లైలే చూపించాడు. గూడు చూసి ఆగస్టు చివరిదాకా గోడ మూసేశారు. కంపెనీ సర్వేవాళ్లు లోయలోకి అసలు దిగనేలేదని, రోడ్డు మీంచే చూసి రాసేశారని కూడా అప్పుడే తేలింది. వేసవి చివర్లో అర్జీ తిరస్కరించారు. కంపెనీ వేరే లోయ వెతుక్కుంటోంది. అక్కడివాళ్లకు నోటుబుక్కు రాసే వెర్రివాడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ట్రిస్టన్ సినిమా వచ్చింది. లోయను కాపాడింది ఎవరో అందులో చాలా వివరంగా చూపించారు, అద్దంలో చూసుకుంటే అతనికి రోజూ కనపడే మనిషే.

లైల్‌కు రెండేళ్లు పర్మిట్ రద్దు చేశారు, జరిమానా వేశారు. దారుల పుస్తకం కొత్తగా వేసినవాళ్లు అతని పేరు తీసేశారు. సెప్టెంబరులో గోడ తెరిచిన మూడో రోజున కొలరాడో కుర్రవాడొకడు వచ్చి లైల్ దారిని ఎక్కేశాడు. ఎక్కడ గుంట ఉందో, ఏ వేళ్లు పెట్టాలో లైలే చెప్పాడట. కట్టుబాటు ప్రకారం పేరు పెట్టే హక్కు ఆ కుర్రవాడిది. ‘కోడిగుడ్డు అట్టు’ అని పెట్టాడు. లైల్ నవ్వాడన్నారు. నేనైతే తాడు కోసేసేదాన్ని.

లైల్ ఇప్పుడు ఓర్విన్ వాళ్ల పశువుల కొట్టానికి కప్పు వేస్తున్నాడు. వడ్రంగి పని మరిచిపోలేదు. వ్యాను మాత్రం ఇంకా మా వెనకే ఉంది. కొండెక్కేవాళ్లు బట్టలు ఉతుక్కోవడానికి వస్తే అతను కూర్చున్న బెంచీ మీద కూర్చోరు, తడి బట్టలతో నిలబడే ఉంటారు. నా బెంచీకి వచ్చిన లోటేమీ లేదు. వసంతంలో స్నానాల గదులు సగం ఖాళీ, దాని గురించి నేను ఎవరికీ అర్జీ రాయలేదు.

మొన్న జనవరిలో ఆఫీసువాళ్లు మూసివేత బోర్డులు పంపారు. హద్దు ఎక్కడ వేయాలో వాళ్లకు తెలియదు, తెలిసినవాడు ఒక్కడే. ఓర్విన్ ట్రక్కులో గుంజలు వేసుకుని ముగ్గురం వెళ్లాం, నేను ఊరికే చూడటానికి. మంచు మడమలదాకా ఉంది. లైల్ గుంజ దిగ్గొడుతుంటే తాళ్లు భుజాన వేసుకుని ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. బోర్డు చదివి ఒకడు నేలను కాలితో తన్నాడు.

“రెండు రోజులు కారు నడిపి వచ్చాంరా! ఏ దరిద్రుడు మూయించాడు దీన్ని?”

ఓర్విన్ నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను, చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. లైల్ సుత్తి దించి, ముక్కు తుడుచుకుని, వాళ్ల వైపు తిరిగాడు.

“నేనే,” అన్నాడు. “ఇంకో ఆరు గుంజలున్నాయి. ఒకడు వచ్చి ఇలా పట్టుకోండి.”